తగ్గాల్సింది షుగర్, బరువు కాదు: ప్రీడయాబెటిస్‌లో లో కార్బ్ తింటూ బరువు నిలుపుకోవడం ఎలా

ప్రీడయాబెటిస్ (షుగర్ మామూలు కంటే పెరిగి, జబ్బు దాకా ఇంకా వెళ్లని దశ) అని రిపోర్టు రాగానే చాలామంది ముందు అన్నం సగానికి తగ్గిస్తారు, చక్కెర మానేస్తారు. నెల తిరిగేసరికి షుగర్ కాస్త దిగుతుంది, దాంతోపాటు బరువూ దిగుతుంది. పొట్ట ఉన్నవాళ్లకి అది మంచిదే. అసలే సన్నగా ఉన్నవాళ్లకి, తగ్గాల్సినంతా తగ్గిపోయినవాళ్లకి మాత్రం అక్కడినుంచి కొత్త టెన్షన్ పట్టుకుంటుంది. బట్టలు వదులైపోతాయి, బుగ్గలు పీక్కుపోతాయి, ఎదురైన ప్రతివాళ్లూ "ఏంటి, ఒంట్లో బాగోలేదా" అని అడుగుతారు. తిందామంటే షుగర్ పెరుగుతుందని భయం, మానేద్దామంటే బరువు జారిపోతోందని బెంగ.

ఈ మార్గదర్శి వాళ్ల కోసం. ప్రీడయాబెటిస్ గురించి దొరికే సలహాల్లో నూటికి తొంభై "బరువు తగ్గండి" అనే చెప్తాయి. తగ్గడానికి ఏమీ లేనివాళ్లు ఏం చేయాలో ఎవరూ విడమరిచి చెప్పరు. నిజానికి ఇక్కడ చేయాల్సింది రెండే. కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, తీసేసిన చోట పడ్డ లోటును లెక్క చూసుకుని పూడ్చుకోవాలి. పూడ్చింది పొట్టలో కొవ్వుగా కాకుండా కండగా మారేలా ఒంటితో పని చేయించాలి. మిగతా అంతా ఈ రెండింటికీ వివరణే.

1. ముందు మీరు ఎక్కడున్నారో తేల్చుకోండి

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం పరగడుపున షుగర్ 100 నుంచి 125, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 140 నుంచి 199, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. పరగడుపు షుగర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 నుంచి లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే ఒకే రిపోర్టు చూసి ఒక డాక్టరు "పర్లేదు" అని, ఇంకో డాక్టరు "జాగ్రత్త" అని అంటుంటారు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీని నమ్మడం కష్టం. ఐరన్ లోపంలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ ఎంతుందో పక్కనే చూసుకోండి.

ఇక బరువు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 18.5 కంటే తక్కువైతే బరువు చాలనట్టు. 25 దాటితే ఎక్కువైనట్టు. ఆసియా మూలాలున్నవాళ్లకి 23 నుంచే షుగర్ ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం చెప్పింది. 1.65 మీటర్ల మనిషికి 18.5 అంటే 50 కిలోలు, 23 అంటే సుమారు 62.5 కిలోలు. ఈ రెండింటి మధ్య ఉంటే బరువు తగ్గించుకోవాలన్న ఆత్రం అక్కర్లేదు.

అయితే బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకోకండి. చేతులూ కాళ్లూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకి ఉండే ఒళ్లు చాలామందిది. వాళ్ల బీఎంఐ 22 ఉన్నా లోపల కాలేయం చుట్టూ కొవ్వు ఉండొచ్చు. టేపు తీసుకుని బొడ్డు దగ్గర చుట్టుకొలత చూడండి. అది మీ ఎత్తులో సగం దాటకూడదు. దాటితే మీకు కావాల్సింది బరువు పెరగడం కాదు, తగ్గడం కూడా కాదు. ఉన్న బరువులోనే కొవ్వు తగ్గి కండ పెరగాలి. ఆ పని వ్యాయామంతోనే అవుతుంది, తిండితో ఒక్కటే కాదు.

బరువు తగ్గకుండా షుగర్ అదుపులోకి వస్తుందా అని అనుమానం ఉంటే, దానికి సాక్ష్యం ఉంది. చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనంలో 577 మందిని ఆరేళ్లు గమనించారు. తిండి మార్చుకున్నవాళ్లలో షుగర్ జబ్బు ముప్పు 31 శాతం, వ్యాయామం చేసినవాళ్లలో 46 శాతం తగ్గింది. లావుగా ఉన్నవాళ్లకే కాదు, సన్నగా ఉన్నవాళ్లకీ మేలు కనిపించింది. 2006లో వెలువడిన భారతీయ అధ్యయనంలోనూ అంతే. జీవనశైలి మార్చుకున్న బృందంలో బరువు పెద్దగా తగ్గలేదు, షుగర్ ముప్పు మాత్రం 28.5 శాతం తగ్గింది.

2. తగ్గింది నీరా, కొవ్వా, కండా?

కార్బ్స్ తగ్గించిన మొదటి వారం పది రోజుల్లో ఒకటి రెండు కిలోలు పోతే కంగారు పడకండి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లూకోజ్ గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ తగ్గితే ఆ నీరూ పోతుంది. ఒక పెళ్లి భోజనం చేసి వస్తే మర్నాడే కిలో పెరిగినట్టు కనిపించేది కూడా చాలావరకు ఈ నీరే.

మూడో వారం తర్వాత కూడా బరువు దిగుతూనే ఉంటే అది నీరు కాదు. తినే కేలరీలు చాలడం లేదు. కార్బ్స్ తగ్గించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది కాబట్టి తక్కువ తింటున్నామని మనకే తెలియదు. అప్పటికే కొవ్వు తక్కువున్న ఒంట్లో ఆ లోటు కండను కూడా కరిగిస్తుంది. కండ తగ్గితే గ్లూకోజ్‌ని పీల్చుకునే చోటు తగ్గుతుంది. అంటే షుగర్ కోసం మొదలెట్టిన పథ్యం కొన్నాళ్లకి షుగర్‌కే ఎదురు తిరుగుతుంది. మెట్లు ఎక్కుతుంటే తొడలు లాగడం, కుర్చీలోంచి లేవడానికి చేత్తో ఊతం కావాల్సి రావడం దీనికి గుర్తులు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. తిండి తగ్గించకుండానే బరువు పోతుంటే దాన్ని డైట్ ఖాతాలో వేసేయకండి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, కోరుకోకుండానే 5 శాతం బరువు పోతే (60 కిలోల మనిషికి 3 కిలోలు) డాక్టరుకి చూపించుకోవాల్సిందే. థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం, క్షయ, పేగుల జబ్బులు, ఇవన్నీ చూడాలి. దాహం, అతిమూత్రం కూడా ఉంటే అది ప్రీడయాబెటిస్ దాటిపోయి ఉండొచ్చు. సన్నటివాళ్లలో అయితే పెద్ద వయసులో నెమ్మదిగా మొదలయ్యే టైప్ 1 తరహా షుగర్ కూడా కావొచ్చు. దానికి గ్యాడ్ యాంటీబాడీ, సీ-పెప్టైడ్ అనే రక్తపరీక్షలున్నాయి. 50 దాటాక కొత్తగా షుగర్ పెరిగి, కారణం లేకుండా బరువు కూడా పోతుంటే పాంక్రియాస్‌ని (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి) ఒకసారి పరీక్షించమని అడగడం అతి జాగ్రత్తేం కాదు.

3. లోటు ఎంతో లెక్క కట్టండి

ఒక్కసారి కాగితం మీద రాస్తే విషయం కళ్లకి కడుతుంది. రోజుకి 2,000 కేలరీలు తినే మనిషి అనుకుందాం. అందులో 300 గ్రాములు కార్బ్స్. ఆయన వాటిని 120 గ్రాములకి దించాడు. పోయింది 180 గ్రాములు. గ్రాముకి 4 కేలరీల చొప్పున 720 కేలరీలు. ఆ స్థానంలో కూరలు కాస్త ఎక్కువ తింటున్నాననుకుంటాడు. కానీ ఆకుకూరలు, సొరకాయ, దోసకాయ లాంటివి కప్పుకి 20, 30 కేలరీలు కూడా ఇవ్వవు. కడుపు నిండుతుంది, లోటు మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు దాన్ని పూడుద్దాం. రెండు గుడ్లు: 140 కేలరీలు. గుప్పెడు, అంటే 30 గ్రాముల వేరుశనగలు: 170. మధ్యాహ్నం, రాత్రి కూరల్లో మీ వంతుకి ఒక్కో టేబుల్ స్పూను నూనె అదనంగా: 240. వెన్న తీయని పాల పెరుగు 200 గ్రాములు: సుమారు 125. మొత్తం 675. ఇంకో నాలుగైదు బాదం పప్పులు నమిలితే లోటు దాదాపు పూడినట్టే. ఈ మొత్తంలో కార్బ్స్ సుమారు 15 గ్రాములే, ప్రోటీన్ మాత్రం పాతిక గ్రాములు పైనే. చూడ్డానికి పెద్ద కంచం కూడా కాదు. నూనెలో 9 కేలరీలు, పిండిపదార్థంలో 4 అన్న తేడానే ఇక్కడ మనకి కలిసొస్తుంది.

మీరు ఇప్పుడు తింటున్నది ఒక మూడు రోజులు ఉన్నదున్నట్టు రాసుకోండి. వారం మధ్యలో రెండు రోజులు, సెలవు రోజు ఒకటి. కిచెన్ త్రాసు ఉంటే మంచిది, ముఖ్యంగా గింజలకీ నూనెకీ. కేలరీలు జీవితాంతం లెక్కపెట్టుకోవాలని కాదు. చాలామందికి ఈ మూడు రోజుల కాగితం చూస్తేనే "ఇంత తక్కువ తింటున్నానా" అని తెలుస్తుంది.

బరువు నిలబడితే చాలనుకుంటే ఉన్న లోటు పూడ్చండి. పోయింది వెనక్కి తెచ్చుకోవాలంటే దానిమీద రోజుకి ఇంకో 300 నుంచి 500 కేలరీలు కలపాలి. వారానికి పావు కిలో పెరిగితే సరిపోతుంది. అంతకంటే వేగంగా పెరిగేది ఎక్కువగా నడుము చుట్టూనే చేరుతుంది.

4. ప్రోటీన్

కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాములు కనీసం. బరువులెత్తే వ్యాయామం చేస్తుంటే 1.6 దాకా వెళ్లొచ్చు. 60 కిలోలవాళ్లకి రోజుకి 60 నుంచి 95 గ్రాములు అన్నమాట. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకుని డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

గుడ్డుకి 6 గ్రాములు పైచిలుకు. వండిన చికెన్ 100 గ్రాములకి 30. చేపకి 20 నుంచి 25. పనీర్ 100 గ్రాములకి సుమారు 18. పెరుగు 100 గ్రాములకి మూడున్నరే, కాబట్టి చిన్న గిన్నెడు పెరుగు తిని ప్రోటీన్ తిన్నామనుకోవద్దు. మాంసం తిననివాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. ఉడికించిన పప్పు ఒక కప్పులో 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది నిజమే, దాంతోపాటు 40 గ్రాముల కార్బ్స్ కూడా ఉంటాయి. అందులో 15 గ్రాములదాకా పీచే కాబట్టి అన్నంలా షుగర్‌ని ఎగదోయదు. అయినా పప్పుని "ఫ్రీ" అనుకోకుండా కార్బ్స్ కోటాలోనే లెక్కేసి, అన్నం ఆ మేరకి తగ్గించాలి. పప్పు ఎక్కువ, అన్నం తక్కువ అన్నది లో కార్బ్ శాకాహారానికి సులువైన సూత్రం. సోయా, పనీర్, వేరుశనగ దానికి తోడవుతాయి.

రోజు మొత్తం ప్రోటీన్‌ని రాత్రి ఒక్కపూటే తినేయకుండా మూడు పూటలకీ పంచండి. వయసు పైబడినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. పూటకి 25 గ్రాములైనా అందకపోతే కండ కట్టడం మందగిస్తుంది.

5. కొవ్వు: ఎంతన్నదే కాదు, ఏదన్నది చూడండి

లో కార్బ్ అనగానే నెయ్యి, వెన్న, కొబ్బరి గుప్పించేవాళ్లున్నారు. షుగర్ దిగిందని సంబరపడి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుంటే చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, ఎక్కడికో పోయి ఉంటుంది. విచిత్రమేంటంటే, లావుగా ఉన్నవాళ్లకంటే సన్నగా ఉండి కార్బ్స్ బాగా తగ్గించినవాళ్లలోనే ఈ పెరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లకి గుండె జబ్బు ముప్పు ఎలాగూ ఉంది. దానికి ఇది తోడు కాకూడదు.

కాబట్టి లోటు పూడ్చే కేలరీల్లో ఎక్కువ భాగం గింజలు, నువ్వులు, వేరుశనగ, బాదం, అక్రోటు, ఆలివ్ లేదా ఇతర వంటనూనెలు, చేప, అవకాడో నుంచి రావాలి. నెయ్యి రుచికి ఒక స్పూను వేసుకోండి, ఇంధనంలా వాడకండి. మొదలెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చూసుకుంటే మీ ఒంటికి ఏది పడిందో తెలిసిపోతుంది. ఎల్‌డీఎల్ బాగా పెరిగితే నెయ్యి, వెన్న తగ్గించి, కార్బ్స్‌ని 30 నుంచి 50 గ్రాములు పెంచి చూడండి. సన్నటివాళ్లలో చాలామందికి దీంతోనే దిగుతుంది.

6. కార్బ్స్ ఎన్ని? మీటర్‌నే అడగండి

రోజుకి 130 గ్రాముల కంటే తక్కువ తింటే లో కార్బ్ అంటారు. 20 నుంచి 50 అయితే కీటో. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బరువు తగ్గాల్సిన అవసరం లేని ప్రీడయాబెటిస్ మనిషికి కీటో దాకా వెళ్లాల్సిన పని దాదాపుగా ఉండదు. 100 నుంచి 130 మధ్య, కొందరికైతే 150 దగ్గర కూడా షుగర్ బాగానే నిలబడుతుంది. ఎంత తగ్గిస్తే అంత మంచిదన్న ఆలోచనే సన్నటివాళ్ల బరువు తినేస్తోంది. మన గీత ఎక్కడుందో కనుక్కుని, దాని అంచుదాకా తినడమే తెలివైన పని.

ఆ గీత కనుక్కోవడానికి మామూలు గ్లూకోమీటర్ చాలు. పద్ధతి ఇది. మీరు తరచూ తినే ఒక భోజనాన్ని ఎంచుకోండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి షుగర్ చూడండి. రెండు గంటలప్పుడు 140 లోపు ఉంటే ఆ భోజనం మీకు సరిపడ్డట్టే. ఉదాహరణకి, కప్పున్నర అన్నం తింటే ముందు 96, గంటకి 178, రెండు గంటలకి 152 వచ్చాయనుకుందాం. కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల కార్బ్స్ ఉంటాయి కాబట్టి మీరు తిన్నవి 67 గ్రాములు. మర్నాడు అదే కూరతో ముప్పావు కప్పు తినండి. కానీ ఈసారి కూర, గుడ్డు ముందు తిని అన్నం చివర్లో తినండి. గంటకి 144, రెండు గంటలకి 115 వస్తే మీ గీత ఈ రెండు కొలతల మధ్యలో ఎక్కడో ఉంది. ఇంకో రోజు కప్పు తిని చూస్తే ఇంకా తేలిపోతుంది. కూర ముందు, అన్నం తర్వాత అన్న వరుస మారిస్తే గ్లూకోజ్ ఎగుడు తగ్గుతుందని అధ్యయనాల్లో కూడా రుజువైంది. ఖర్చు లేని చిట్కా.

ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకండి. మీటర్లు 15 శాతం అటూఇటూ చూపించొచ్చు, చేతికి పండురసం అంటుకుని ఉంటే ఇంకా తప్పుతుంది. నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా, ఆఫీసులో గొడవైనా అదే అన్నానికి అంకె పెరుగుతుంది. ఒక్కో భోజనాన్ని వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూశాకే నిర్ణయించుకోండి.

బరువు పెంచుకోవాలంటే ఇదే పద్ధతిని తిరగేసి వాడొచ్చు. షుగర్ బాగున్న పూటకి 15 గ్రాముల కార్బ్స్ కలపండి: చిన్న పండు, గ్లాసు కంటే కాస్త ఎక్కువ పాలు, పావు కప్పు పైచిలుకు ఉడికిన శనగలు, ఏదైనా. వారం అలా తిని మీటర్ చూడండి. అంకె నిలిచి ఉంటే ఇంకో పూటకి కలపండి. కొందరికి పొద్దున పూట ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అలాంటివాళ్లు ఉదయం టిఫిన్‌లో కార్బ్స్ తక్కువ పెట్టుకుని, మధ్యాహ్నానికి జరిపితే అదే మొత్తం ఒంటికి పడుతుంది.

కార్బ్స్ మరీ తగ్గించినవాళ్లకి ఒక వింత ఎదురవుతుంది. భోజనం తర్వాత అంకెలన్నీ బాగుంటాయి, పరగడుపు షుగర్ మాత్రం 100, 105 దగ్గర మొండికేస్తుంది. కొవ్వు మీద నడవడానికి అలవాటుపడ్డ కండరాలు గ్లూకోజ్‌ని మెదడు కోసం వదిలేయడం దీనికి ఒక కారణం. హెచ్‌బీఏ1సీ నిలకడగా ఉంటే ఆ ఒక్క అంకె కోసం ఇంకా ఇంకా కార్బ్స్ కోసేయడం అనవసరం. చాలామంది సరిగ్గా అదే చేస్తారు, ఇంకో రెండు కిలోలు పోగొట్టుకుంటారు.

7. కండకి పని చెప్పండి

అదనంగా తిన్న ప్రోటీన్ దానంతట అది కండ అయిపోదు. కండకి బరువు మోయాల్సిన అవసరం కల్పించాలి. ఇన్సులిన్ పంపించే గ్లూకోజ్‌లో అత్యధిక భాగాన్ని దాచుకునేది కండరాలే. పైగా కండరం ముడుచుకుని పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. ఆ ప్రభావం వ్యాయామం ముగిశాక కూడా ఒకటి రెండు రోజులు ఉంటుంది. అందుకే రోజు విడిచి రోజు చేయమంటారు.

వారానికి రెండు మూడు రోజులు, అరగంట నుంచి ముప్పావు గంట చాలు. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడంతో మొదలెట్టండి. అది సులువైతే చేతుల్లో బరువు పట్టుకోండి. నేలమీద పుష్ అప్స్ రాకపోతే గోడకి ఆనుకుని, తర్వాత టేబుల్ అంచు మీద, ఆ తర్వాత నేలమీద. నడుం వంచకుండా తుంటి దగ్గర వంగి బరువెత్తడం, రబ్బరు బ్యాండ్‌ని ఛాతీ వైపు లాగడం, రెండు చేతుల్లో నీళ్ల క్యాన్లు పట్టుకుని నడవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. 12 సులువుగా వచ్చేస్తుంటే బరువు పెంచే సమయం వచ్చినట్టు. ఏళ్ల తరబడి అవే రెండు కిలోల డంబెల్స్ ఊపుతూ కూర్చుంటే కండ ఎందుకు పెరుగుతుంది?

బరువులు బాగా శ్రమపడి ఎత్తిన వెంటనే షుగర్ చూస్తే ఒక్కోసారి పెరిగి ఉంటుంది. అడ్రినలిన్ వల్ల కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. గంట రెండు గంటల్లో దిగిపోతుంది, బెదిరిపోకండి.

నడక సంగతి వేరు. బరువు పోతోందని బెంగపడేవాళ్లు రోజూ రెండు గంటలు నడవడం నాకు అర్థం కాదు. తిన్నది అక్కడే ఖర్చైపోతుంది. భోజనం అయ్యాక 10, 15 నిమిషాలు నెమ్మదిగా నడిస్తే షుగర్ ఎగుడు తగ్గుతుంది, కేలరీలూ పెద్దగా పోవు. మిగిలిన ఓపికని బరువులెత్తడానికి దాచుకోండి.

8. ఆకలి లేనప్పుడు

కార్బ్స్ తగ్గితే ఆకలి మందగిస్తుందని అన్నాం కదా. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. అప్పుడు పెద్ద కంచం పెట్టుకుని కుస్తీ పట్టేకంటే తినేదాన్నే చిక్కగా చేసుకోవాలి. పెరుగులో గింజల పొడి కలపడం, కూర దించాక పైన స్పూను నూనె వేయడం, గుడ్డుతో పాటు చీజ్ ముక్క. నమలలేకపోతే తాగండి: పాలు లేదా చక్కెర లేని సోయా పాలు, వేరుశనగ వెన్న ఒక స్పూను, నానబెట్టిన బాదం, కాస్త ప్రోటీన్ పౌడర్ కలిపి మిక్సీలో తిప్పితే 350, 400 కేలరీలు గ్లాసులో దిగిపోతాయి. భోజనానికి ముందు చెంబుడు నీళ్లు తాగడం, ముందే గిన్నెడు సలాడ్ తినడం లాంటివి బరువు తగ్గాల్సినవాళ్ల చిట్కాలు. మీరు గుడ్డు, పనీర్ ముందు తిని ఆకులు తర్వాత తినండి.

పూటలు ఎగ్గొట్టే ఉపవాస పద్ధతులు మీకు కావు. 16 గంటలు కడుపు మాడ్చుకుని మిగతా 8 గంటల్లో సరిపడా తినడం సన్నటివాళ్లలో చాలామందికి సాధ్యం కాదు.

మలబద్ధకం వస్తే అది చాలావరకు పీచు తగ్గినందువల్లే. రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు ఉండేలా కూరగాయలు, గింజలు, పప్పులు చూసుకోండి. మొదటి వారాల్లో తల తిరగడం, పిక్కలు పట్టేయడం ఉంటే నీరు, ఉప్పు తగ్గాయేమో చూడండి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు పెంచే ముందు డాక్టర్ని అడగాలి.

9. త్రాసుని రోజూ చూడండి, వారానికోసారి నమ్మండి

పొద్దున్నే బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే త్రాసు మీద. రోజురోజుకీ కిలో దాకా ఊగడం మామూలే. అందుకే వారం మొత్తం అంకెలు కూడి ఏడుతో భాగించి, ఆ సగటుని పోయిన వారం సగటుతో పోల్చండి. మూడు వారాలు వరసగా సగటు దిగితే రోజుకి 200 కేలరీలు కలపండి, ఇంకో రెండు వారాలు చూడండి. పెరుగుతూ, దాంతోపాటు బొడ్డు చుట్టుకొలత కూడా పెరుగుతుంటే అదే 200 తీసేయండి. చుట్టుకొలత కదలకుండా బరువు పెరుగుతూ, ఎత్తే బరువు కూడా పెరుగుతుంటే పెరిగేది కండే. త్రాసు చూస్తే ఆందోళన ఎక్కువయ్యేవాళ్లు, తిండి విషయంలో గతంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు ఈ లెక్కలన్నీ ఒంటరిగా మోయకుండా డైటీషియన్‌కి అప్పజెప్పడం మేలు.

10. మందులు, పరీక్షలు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ లేదా కాలేయ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా లో కార్బ్ మొదలెట్టకూడదు. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మాత్రలు వాడేవాళ్లలో కార్బ్స్ తగ్గించగానే షుగర్ పడిపోవచ్చు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు గుండె కోసమో కిడ్నీ కోసమో కూడా ఇస్తారు. వాటితో కీటో కలిస్తే కీటోయాసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితి వచ్చే ప్రమాదం ఉంది, అదీ షుగర్ పెద్దగా పెరగకుండానే. బీపీ మందుల మోతాదు కూడా తగ్గించాల్సి రావొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 చూపించుకోండి.

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు కాబట్టి అంతకంటే ముందు మళ్లీ చేయించడం డబ్బు దండగ. దాంతోపాటు లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చేయించుకుంటే చాలు.

గ్లూకోజ్ తాగించి చేసే రెండు గంటల పరీక్ష రాసిస్తే మాత్రం ల్యాబ్‌కి వెళ్లేముందు ఒక పని చేయాలి. లో కార్బ్ తింటున్నవాళ్లు నేరుగా వెళ్లి 75 గ్రాముల గ్లూకోజ్ తాగితే, అలవాటు తప్పిన పాంక్రియాస్ వెంటనే అందుకోలేక అంకె ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. పరీక్షకి ముందు మూడు రోజులు రోజుకి కనీసం 150 గ్రాముల కార్బ్స్ తినాలి. ఆ మూడు రోజులూ త్రాసు మీద కిలో పెరిగినట్టు కనిపిస్తే అది గ్లైకోజన్‌తో తిరిగొచ్చిన నీరే. లో కార్బ్ తింటున్న సంగతి డాక్టరుకి, ల్యాబ్‌వాళ్లకి ముందే చెప్పండి.